పోటుకీ పాటుకీ మధ్య ఆరు ఆదివారాలు

విశాఖపట్నం ఓడరేవులో సరుకుల ఎగుమతి దిగుమతులు చూసే ఒక ప్రైవేటు సంస్థలో టాలీ గుమాస్తాగా చేరి, ముప్పైనాలుగేళ్ళ తరువాత లెక్కల విభాగం అధికారిగా పదవీ విరమణ చేశాను. ఆ ముప్పైనాలుగేళ్ళూ నా బల్ల మీద ఎప్పుడూ ఉన్న వస్తువుల్లో ఆటుపోట్ల పట్టిక ఒకటి. ఓడ అడుగు నీటిలో ఎంత లోతుకు దిగి ఉంది, ఏ వేళకు దారిలో ఎంత నీరుంటుంది, ఓడను ఎప్పుడు బెర్తుకు తేవచ్చు, ఆలస్యమైతే ఎంత సొమ్ము చెల్లించుకోవలసి వస్తుంది అన్న లెక్కలు ఆ పట్టికలోని అంకెలతోనే మొదలయ్యేవి. అటువంటి నేను సముద్రపు ఒడ్డున కూర్చుని నీరు పైకి వచ్చే పోటు ఎక్కడం గానీ, వెనక్కు తగ్గే పాటు తీయడం గానీ మొదటినుంచి చివరిదాకా ఒక్కసారైనా చూడలేదన్న సంగతి అరవై రెండో ఏట, రెండు వేల రూపాయల రుసుము కట్టి చేరిన ఒక వర్క్‌షాపులో తెలిసింది.

లాసన్స్‌బే కాలనీలో నేను రోజూ టీ తాగే కొట్టు గోడకు అంటించిన కాగితం మీద "ప్రకృతితో మళ్ళీ పరిచయం, ఆరు ఆదివారాలు, పదిహేను మందికి మాత్రమే" అని ఉంది. బొమ్మలు గీయడం, ముసుగులు చేయడం, మౌనంగా కూర్చోవడం, గుంపుగా మాట్లాడుకోవడం ఉంటాయనీ, ఏ విద్యా ముందుగా వచ్చి ఉండనక్కరలేదనీ కింద రాశారు. ప్రకృతి మీద మమకారంతో చేరానని చెబితే అబద్ధమవుతుంది. ఉద్యోగం అయిపోయాక ఆదివారానికీ తక్కిన వారాలకూ తేడా లేకుండా పోయింది, ఆ తేడా మళ్ళీ కావాలనిపించి చేరాను. మా ఆవిడ మాత్రం "చెట్టూ పుట్టా చూడడానికి కూడా డబ్బు కట్టాలా అండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఆనాడు జవాబు లేదు, ఈనాటికీ పూర్తిగా లేదు.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం పెదవాల్తేరులోని ఒక బడి వరండాలో మొదటిసారి కలుసుకున్నాం. ఐటీ ఉద్యోగులు నలుగురు, జంతుశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి, ఒక దంతవైద్యురాలు, ఇద్దరు ఉపాధ్యాయులు, నావికాదళంలో పనిచేసి వచ్చిన ఒకాయన, ఇంకా కొందరు. అందరిలోకీ పెద్దవాణ్ణి నేనే అనుకుంటూ ఉండగా జాలరిపేట నుంచి డెబ్బై ఏళ్ళ ఒకామె వచ్చి, పరిచిన చాప మీద కాకుండా గడప మీద కూర్చున్నారు. చేపల గంప దింపి నేరుగా వచ్చినట్టున్నారు, చీర చెంగు ఇంకా తడిగానే ఉంది. ఆమెను రుసుము లేకుండా అతిథిగా పిలిచారని తరువాత తెలిసింది. పిల్లలంతా మామ్మ అని పిలవడం చూసి నేనూ అలాగే పిలవడం అలవాటు చేసుకున్నాను.

నిర్వాహకురాలు ముప్పై ఏళ్ళ లోపు యువతి, నాటకరంగంలో శిక్షణ పొందినవారు. ఈ పద్ధతి తనది కాదని, ఎక్కడినుంచి వచ్చిందో మొదటి రోజే చెప్పేశారు. జొయానా మేసీ అనే అమెరికన్ బౌద్ధ పండితురాలు, అణ్వాయుధాల భయం లోకాన్ని కమ్ముకున్న 1970ల చివరి రోజుల్లో, జనం తమ భయాన్నీ దుఃఖాన్నీ లోపల అణచుకుని మొద్దుబారిపోతున్నారని గమనించి, వాటిని నలుగురిలో కూర్చుని పైకి చెప్పుకునే అభ్యాసాలను కూర్చడం మొదలుపెట్టారట. 1985లో ఆస్ట్రేలియాలో, వానడవులను కాపాడడానికి పోరాడుతున్న జాన్ సీడ్‌తో కలిసి, మనుషులు చెట్టుగానో నదిగానో జంతువుగానో మారి మాట్లాడే "సకల ప్రాణుల సభ"కు రూపమిచ్చారు. 2025 జూలైలో తొంభై ఆరో ఏట ఆమె కన్నుమూశారు. ఆమె అభ్యాసాలు నాలుగు మలుపులుగా సాగుతాయి: కృతజ్ఞతతో మొదలై, లోకం కోసం మనం పడే బాధను గౌరవించి, కొత్త కళ్ళతో చూసి, ఆ పైన పనిలోకి దిగడం. ఏదీ తనంత తానుగా పుట్టదనీ, ప్రతిదీ మరి కొన్నిటిని ఆనుకునే పుడుతుందనీ చెప్పే బౌద్ధుల ప్రతీత్యసముత్పాదమే దీనికి పునాది అని నిర్వాహకురాలు అన్నారు. తొట్లకొండ, బావికొండ విహారాలున్న ఊరికి ఆ మాట అమెరికా చుట్టి తిరిగి రావడం నాకు కొంత వింతగా తోచింది.

మొదటి అభ్యాసం ఇద్దరేసి ఎదురెదురుగా కూర్చుని, ఇచ్చిన వాక్యాన్ని పూర్తి చేయడం. "ఈ భూమిపై సజీవంగా ఉండటంలో నేను ప్రేమించే అంశం" అన్నది ఆ వాక్యం. తెలుగు దేశంలో పుట్టి పెరిగిన ఏ మనిషీ ఆ మాట ఆ రూపంలో అని ఉండడు. నాకు జోడీగా వచ్చిన మామ్మ కాసేపు ఆలోచించి, "బతకడంలో నీకేటి ఇష్టం బాబూ, అని అడుగుతన్నారు, అంతే కదా?" అని సులువు చేసేశారు. మూడు నిమిషాలు ఆగకుండా చెప్పాలి. నేను కాఫీ, మా అమ్మాయి ఫోను, శనివారం సాయంత్రం నడక అని చెప్పి నిమిషంలోపే ఆగిపోయాను. మామ్మ తన వంతు వచ్చినప్పుడు తెల్లారగట్ల పడవ ఒడ్డుకు తగిలే చప్పుడు, కవళ్ళు గంపలో పోస్తుంటే వచ్చే మెరుపు, మొగలి పువ్వు వాసన, మనవరాలి జడ అంటూ గంట కొట్టిన తరువాత కూడా చెబుతూనే ఉన్నారు.

రెండో ఆదివారం వేణుగానం పెట్టి కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమన్న భాగం గురించి చెప్పుకోదగినది లేదు, నాకు నిద్ర పట్టింది. ఆ రోజు చివర ఇచ్చిన ఇంటిపని మాత్రం నన్ను పట్టుకుంది. ఎవరికి వారు ఇంటికి దగ్గరలో ఒక చోటు ఎంచుకోవాలి. రోజూ ఒకే వేళకు వెళ్ళి ఇరవై నిమిషాలు ఏ పనీ పెట్టుకోకుండా కూర్చోవాలి. ఫోను ఇంట్లో వదిలెయ్యాలి. లేచాక నాలుగు వాక్యాలు రాసుకోవాలి. నేను జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ళను ఎంచుకుని, ఉదయం ఆరున్నరకు వెళ్ళడం మొదలుపెట్టాను.

మొదటి రోజు నేను కూర్చున్న బండ కింద ఇసుక పొడిగా ఉంది, రాళ్ళ మధ్య గుంటల్లో నిలిచిన నీటిలో వేలెడంత చేపలు తిరుగుతున్నాయి, రాతికి అతుక్కుని పదునైన పెంకుల ఆల్చిప్పలు కనిపించాయి. రెండో రోజు అదే వేళకు వెళితే నీరు నిన్నటికంటే కాస్త పైన ఉంది. మూడో రోజు ఇంకా పైన. వారం తిరిగేసరికి నేను కూర్చునే బండ చుట్టూ నీరు చేరి, అల విరిగినప్పుడల్లా ప్యాంటు తడిసింది, గుంటలూ చేపలూ ఆల్చిప్పలూ అన్నీ నీటి అడుగుకు వెళ్ళిపోయాయి. నా నోటుపుస్తకంలో ఆ రోజు "సముద్రం పెరిగిందా?" అని రాసుకుని, రాసిన మరుక్షణమే సిగ్గుపడ్డాను. పోటు రోజుకు రెండుసార్లు వస్తుందనీ, ప్రతి రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందనీ, కాబట్టి ఇవాళ పాటున్న వేళకే వారం తరువాత పోటు ఉంటుందనీ నాకంటే బాగా ఎవరికి తెలియాలి? ఆ యాభై నిమిషాలను ముప్పైనాలుగేళ్ళు కూడికలూ తీసివేతలూ చేసినవాణ్ణి. ఆ అంకె వెనుక ఇంత నీరు, ఇన్ని ప్రాణులు, ఇంత వాసన ఉన్నాయన్న ఊహ మాత్రం ఎన్నడూ రాలేదు.

మూడో ఆదివారం ఈ సంగతి మామ్మకు చెబితే, ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అమాసకీ పున్నానికీ పోటు పెద్దది, అష్టమికి సిన్నది. తిథి సూసుకుంటే సాలు, పుస్తకం దేనికి?" అన్నారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలిసినప్పుడు పోటు పాటుల మధ్య తేడా మన తీరంలో ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది, అష్టమి రోజుల్లో బాగా తగ్గిపోతుంది. ఆఫీసులో ఆ పట్టిక కోసం ఏటా డబ్బు పెట్టి తెప్పించేవాళ్ళం.

ఆ మూడో ఆదివారం తెల్లవారకుండానే కంబాలకొండకు తీసుకువెళ్ళారు. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉన్న ఆ అడవి 2002 నుంచి అభయారణ్యం. నగరాన్ని ఆనుకుని సుమారు డెబ్బై చదరపు కిలోమీటర్లు, చిరుతపులులు తిరిగే చోటు. అక్కడ మా పని ధ్వనుల పటం గీయడం: తెల్ల కాగితం మధ్యలో ఒక గుర్తు పెట్టి అది మనమనుకుని, వినిపించిన ప్రతి చప్పుడునూ అది వచ్చిన దిక్కులో, దూరాన్ని బట్టి, నచ్చిన గీతతో గుర్తించాలి. జెముడుకాకి బుంగలో ఊదినట్టు చేసే చప్పుడుకు నేను గుండ్రటి సున్నాల వరుస గీశాను. పికిలిపిట్టలకు చుక్కలు. ఎండుటాకుల మీద ఏదో పాకినదానికి సన్నని గీత. జాతీయ రహదారి మీద లారీల రొదకు కాగితం ఒక అంచు మొత్తం నల్లగా నింపవలసి వచ్చింది. లారీని గీయడం తప్పేమోనని చెరపబోతుంటే, వినిపించినది ఉండవలసిందేనని నిర్వాహకురాలు ఆపారు. ఆ మాట నాకు నచ్చింది. ఇటువంటి చోట్ల అడవిని మాత్రమే చూడు, ఊరిని మరిచిపో అని బోధిస్తారేమోనన్న నా అనుమానం అప్పటికి తగ్గింది.

తరువాత కళ్ళకు గంతలు కట్టారు. జంతుశాస్త్రం అమ్మాయి నా చేయి పట్టుకుని, "అంకుల్, ఇక్కడ వేరు ఉంది, కాలు ఎత్తండి" అంటూ అటూ ఇటూ తిప్పి ఒక చెట్టు దగ్గర నిలబెట్టింది. చేతులతో తడిమి, వాసన చూసి, కౌగిలించుకుని ఆ చెట్టును గుర్తుపెట్టుకోవాలి. మళ్ళీ మొదటి చోటికి తీసుకువెళ్ళి గంతలు విప్పాక దాన్ని వెతికి పట్టుకోవాలి. అరవై రెండేళ్ళ మనిషి పదిమంది ముందు చెట్టును కౌగిలించుకోవడంలో ఉన్న ఇబ్బందిని వర్ణించనక్కరలేదు. అయితే బెరడు మీద నా అరచేయి జారుతూ ఒక చోట ఆగింది. ఎప్పుడో కొమ్మ నరికిన చోట చెట్టు తన చుట్టూ తాను పెదవిలా మడత పెంచుకుని గాయాన్ని మూసుకున్న గుర్తు అది. గంతలు విప్పిన రెండు నిమిషాల్లో చెట్టును పట్టుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అరచేతిలో ఆ మడత మిగిలిపోయి, ఇంటికి వచ్చేదాకా మాట రాలేదు. దాని కారణం మరుసటి ఆదివారం బయటపడింది.

నాలుగో ఆదివారం బాధకు కేటాయించినది. నేలమీద పెద్ద వలయం గీసి నాలుగు భాగాలు చేశారు. ఒక దానిలో రాయి, ఒక దానిలో ఎండుటాకులు, ఒక దానిలో కర్ర, ఒక దానిలో ఖాళీ గిన్నె. రాయి భయానికి, ఎండుటాకులు దుఃఖానికి, కర్ర కోపానికి, ఖాళీ గిన్నె లోపల ఏమీ మిగలని వెలితికి. మాట్లాడదలచుకున్నవారు వలయంలోకి వెళ్ళి ఆ వస్తువును చేత్తో పట్టుకుని, ఊరికీ నేలకూ నీటికీ జరిగినదాని గురించి తమ మనసులో ఉన్నది చెప్పాలి. విన్నవారు సలహా ఇవ్వరాదు, ఓదార్చరాదు, "వింటున్నాం" అని మాత్రమే అనాలి. నేను దీనిని నాటకం అనుకున్నాను, మధ్యలో లేచి టీకి కూడా వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మామ్మ కర్ర పట్టుకుని ఉన్నారు. తమ చిన్నప్పుడు ఒడ్డున కూర్చుని అలివి వల లాగితే దొరికే చేప కోసం ఇప్పుడు తమ పిల్లలు ఎంత దూరం పోవలసి వస్తోందో చెబుతూ, ఒక్కో మాటకూ కర్రతో నేల మీద కొడుతున్నారు. నాటకమైతే అలా ఉండదు.

ఆమె తరువాత ఎవరో హుద్‌హుద్ మాట ఎత్తారు. 2014 అక్టోబరు 12, అదీ ఆదివారమే. ఒమన్ దేశం సూచించిన ఆ పేరు నెత్తిన విసనకర్రలాంటి తురాయి ఉండే ఒక పిట్టది. ఆ పిట్ట పేరుతో వచ్చిన తుఫాను మా ఊళ్ళో పిట్టలకు కొమ్మ మిగల్చలేదు. ఒక దిక్కునుంచి కొట్టిన గాలి తుఫాను కన్ను మీదుగా పోతున్నప్పుడు కాసేపు ఆగి, ఎదురు దిక్కునుంచి మళ్ళీ కొట్టింది. ఒకవైపుకు వంగి నిలబడ్డ చెట్లు రెండోవైపు గాలికి పడిపోయాయి. కైలాసగిరి నిప్పు పెట్టినట్టు గోధుమరంగుకు మారింది. వలయం చుట్టూ కూర్చున్నవారిలో తన చెట్టు ఒకటి పోగొట్టుకోనివారు లేరు. ఒకరి తరువాత ఒకరు ఎండుటాకులు చేతిలోకి తీసుకున్నారు. నా వంతు అని ఎవరూ అనలేదు, నేనే లేచాను.

మా ఇంటి ముందు సంపెంగ చెట్టు ఉండేది. పెళ్ళయిన మూడో ఏట మా ఆవిడ సింహాచలం కొండ దిగువన మొక్క కొని తెచ్చి నాటింది. హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆవిడ బొబ్బిలిలో పుట్టింట్లో ఉంది. ఫోన్లు లేవు, కరెంటు లేదు. దీపావళి ముందు రోజు ఆవిడ తిరిగి వచ్చేసరికి చెట్టు లేదు, తుఫానుకు పడిపోయిందని చెప్పాను. బంధువులకూ ఇరుగుపొరుగుకూ మా అమ్మాయికీ కూడా అదే చెబుతూ వచ్చాను. అది అబద్ధం. తుఫానుకు ఒక పెద్ద కొమ్మ విరిగి ప్రహరీ మీద పడింది, చెట్టు నిలబడే ఉంది. మూడో రోజున రంపాలు పట్టుకుని వీధులు తిరుగుతున్న కూలీలను పిలిచి నేనే కొట్టించాను. ఆకు రాలి కాలువ పూడిపోతోందని, గొంగళిపురుగులు వస్తున్నాయని, పక్కింటివారి కారు మీద కొమ్మ పడితే మాట వస్తుందని నాకు ఎన్నాళ్ళనుంచో దాని మీద విసుగు ఉంది. ఊరంతా చెట్లు పడి ఉన్నప్పుడు ఇంకొక చెట్టు లెక్కలోకి రాదని నాకు తెలుసు, లెక్కలు రాసే మనిషిని కదా. కంబాలకొండలో నా చేతికి తగిలిన మడతలాంటిదే మా సంపెంగ మొదట్లోనూ ఉండేది. ఇదంతా ఎండుటాకులు పట్టుకుని చెప్పాను. "వింటున్నాం" అన్నారు. ఎవరైనా తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణేమో.

తరువాతి ఆదివారం శివరాత్రి పడడంతో సెలవు ఇచ్చారు. జాగరణ రాత్రి మా ఆవిడతో ఆ మాట చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచి, పంచాక్షరి జపిస్తున్న మనిషిని ఆపడం ఎందుకులే అని ఊరుకున్నాను. సెలవు రోజుల్లో చేయవలసిన పని ముసుగు తయారీ. పాత వార్తాపత్రికలు ముక్కలు చేసి, ఉడికించిన మైదా జిగురుతో బెలూను మీద పొరలుపొరలుగా అంటించి, ఆరాక సగానికి కోసుకోవాలి. ఎవరి తరఫున మాట్లాడదలచుకున్నామో ఆ ప్రాణి ముఖం దాని మీద వేసుకోవాలి. ప్రాణిని మనం ఎంచుకోరాదు, కూర్చునే చోటికి వెళ్ళి ఏది వచ్చి అడుగుతుందో వేచి చూడాలి అన్నది నియమం. సంపెంగ తరఫున మాట్లాడే అర్హత నాకు లేదనిపించింది. జోడుగుళ్ళపాలెం ఇసుకలో చేయి పెడితే మా తీరంలో సహజంగా ఉండే నల్లని ఇల్మనైటు, ఎర్రని గార్నెట్ ఖనిజ రేణువులు వేళ్ళకు అంటుకున్నాయి. ఆ నలుపు చూస్తూ ఉండగా నేను ఉద్యోగ జీవితమంతా టన్నుల్లో రాసిన ఇనుప ఖనిజం గుర్తుకు వచ్చింది. ముసుగుకు ఇటుక పొడి, మసి కలిపి రంగు వేశాను. మా ఆవిడ చూసి, కొండముచ్చా అని అడిగింది.

ఐదో ఆదివారం భీమిలి దారిలో మంగమారిపేట ఒడ్డున, సరుగుడు నీడలో సభ జరిగింది. వెనుక తొట్లకొండ కనిపిస్తోంది. అక్కడి భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొట్లు తొలిచారు, కొండకు పేరు ఆ తొట్లనుంచే వచ్చింది. ముసుగులు వేసుకుని గుండ్రంగా కూర్చున్నాం. ఒక్కొక్కరు "నేను" అని మొదలుపెట్టి ఆ ప్రాణిగానే మాట్లాడాలి. దంతవైద్యురాలు గోస్తనీ నది అయ్యారు. నావికాదళం ఆయన చిరుతపులి అయ్యారు గానీ రెండు వాక్యాల తరువాత నవ్వు ఆపుకోలేకపోయారు. నేను ఇనుప ఖనిజం తవ్వే బైలదిల్లా కొండనన్నాను. 1960ల్లో వేసిన కొత్తవలస, కిరండోల్ రైలుమార్గం మీద, యాభైకి పైగా సొరంగాలు దాటి, అరకు లోయ మీదుగా నన్ను ముక్కలుగా తెచ్చి జపాను ఓడల్లో పోశారని, దారిలో ఎవరూ నన్ను కొండ అని పిలవలేదని, నా పేరు బిల్లులో సరుకు అనీ, నా ముఖం టన్నుల అంకె అనీ చెప్పాను. ఆ అంకెను రాసిన చెయ్యి ఎవరిదో కూడా నాకు తెలుసునని చెప్పబోయి ఆగిపోయాను, ముసుగులోపల ఊపిరి ఆడలేదు.

అసలు మలుపు తాబేలు మాట్లాడినప్పుడు వచ్చింది. జంతుశాస్త్రం అమ్మాయి ఆలివ్ రిడ్లే తాబేలు ముసుగు వేసుకుని, బాగా సిద్ధమై వచ్చినట్టు చెబుతోంది. "మేము రాత్రివేళ ఈ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాం. మా పిల్లలు వెలుతురు ఉన్న వైపే సముద్రం అనుకుంటారు, మీ వీధి దీపాలు చూసి రోడ్డు మీదికి పోతారు. మనం ఈ తీరాన్ని కాపాడుకోవాలి." ఎండుగడ్డి జుట్టు పెట్టుకుని కవళ్ళ చేప ముసుగు వేసుకున్న మామ్మ అప్పుడు చేయి ఎత్తారు. "ఆగు తల్లీ. ముందల మేం అన్నావు, తరవాత మీరన్నావు, ఇప్పుడు మనం అంటన్నావు. ఏ మనం? అందులో నాను ఉన్నానా, నేదా?"

అమ్మాయి జవాబు చెప్పలేక నిర్వాహకురాలి వైపు చూసింది. నిర్వాహకురాలు తన కాగితాలు తిరగేసి, ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట ఉందనీ, తెలుగులోకి మార్చేటప్పుడు కొన్ని చోట్ల మేము అనీ కొన్ని చోట్ల మనం అనీ చెవికి బాగున్నది రాశాననీ ఒప్పుకున్నారు. ఆ తరువాత అరగంట సభ ఆగిపోయి ఆ ఒక్క మాట మీదే చర్చ జరిగింది. నాకు ఆరు వారాల్లో అన్నిటికంటే విలువైన అరగంట అదే. ఎదుటివాణ్ణి బయట ఉంచితే మేము, కలుపుకుంటే మనం. ఈ తేడా మనం ఉగ్గుపాలతో నేర్చుకుంటాం, తప్పు చేసే పిల్లవాడు కూడా ఉండడు. పర్యావరణం గురించి రాసే కాగితాల్లో మాత్రం "మనం అడవులను నరికివేస్తున్నాం" అని అందరినీ ఒక గాటన కట్టేస్తాం, ఆ మనంలో కర్ర పట్టుకున్నవాడూ రంపం పట్టుకున్నవాడూ తేడా లేకుండా పోతారు. వలలో తాబేలు పడితే దండం పెట్టి నీటిలో వదిలే అలవాటు తమ ఇళ్ళలో ఉందని, శ్రీకూర్మం దేవుడే తాబేలు కదా అని మామ్మ అన్నారు. తనను ఆ మేములోకి చేర్చుకోకుండానే, తప్పు జరిగినప్పుడు మాత్రం మనంలోకి లాగుతున్నారన్నది ఆమె అభ్యంతరం.

ఆ తరువాత ఆమె కవళ్ళ చేపగా మాట్లాడారు. "నన్ను అమ్ముకుని బతికేవు, నీ పిల్లని సదివించేవు. దానికి నాకు కోపం నేదు. నాను గుడ్డు మీదున్నప్పుడు కూడా లాగేస్తన్నారు సూడు, అదీ బాద." తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉన్నది ఆ గుడ్డు కోసమే. ఆ అరవై ఒక్క రోజులూ ఇంటిలో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా చేప ముసుగులోంచే ఆమె చెప్పారు. ఒకే మనిషి చేపా అయింది, చేపలమ్మీ అయింది, ముసుగు తీయనక్కర లేకపోయింది. మాలో మరెవరికీ అది చేతకాలేదు.

ఈ వర్క్‌షాపు లోపాలు కూడా చెప్పాలి. పదిహేను మందిలో పధ్నాలుగు మంది ఒకే రకం కాలనీల నుంచి వచ్చినవాళ్ళం. మధ్యాహ్నం ఫలహారం ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చింది. రెండు వేలు కట్టగలిగినవారికే ఈ బాధ చెప్పుకునే వలయం దొరకడం నాకు ఇప్పటికీ సబబుగా అనిపించడం లేదు. మామ్మను అతిథి అన్నారు గానీ, న్యాయంగా అయితే ఆమెకు గురుదక్షిణ ఇవ్వవలసింది. ఈ మాట చివరి రోజు అభిప్రాయాల కాగితంలో రాసి ఇచ్చాను. నిర్వాహకురాలు చదివి, తరువాతి విడతనుంచి ఆమెకు పారితోషికం ఇస్తామని నాకు ఫోను చేసి చెప్పారు.

మార్చి మొదటి ఆదివారం, ఆఖరు సమావేశం, తెల్లవారుజామున నాలుగున్నరకు ఒడ్డున. అటవీశాఖవారు గుడ్లను సేకరించి వలకంచె లోపల ఇసుకలో పూడ్చి ఉంచిన చోట, జనవరిలో పెట్టిన గూడు ఒకటి ఆ రాత్రి పగిలింది. గుడ్డు పిల్ల కావడానికి నలభై ఐదు నుంచి అరవై రోజులు పడుతుంది. ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. పిల్లలను నీటి అంచుకు కొంత ఇవతల వదిలి, మేమంతా వెనుక నిలబడ్డాం. టార్చి వెయ్యవద్దన్నారు. బొటనవేలంత నల్లని ముద్దలు బాలబంద తీగల పక్కనుంచి ఇసుకలో గీతలు గీసుకుంటూ కదిలాయి. నా పాత అలవాటు పోలేదు, లెక్క పెట్టాను, ఎనభై ఏడు. ఒకటి ఊరి దీపాల వైపు తిరిగినప్పుడు జంతుశాస్త్రం అమ్మాయి అడ్డంగా నిలబడి నీడ చేసింది, అది కాసేపు ఆగి మళ్ళీ సముద్రం వైపు మళ్ళింది. ఎనభై ఏడూ నీటిలోకి చేరాక ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మామ్మ మాత్రం "పాటు తీస్తంది, బాగా లాక్కుపోతాది" అన్నారు.

ఇంటికి వచ్చి స్నానం చేసి, కాఫీ ఇస్తున్న మా ఆవిడతో సంపెంగ చెట్టు సంగతి చెప్పాను. మొదలుపెట్టినంత కష్టం ముగించడంలో లేదు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, "తుఫానుకు పడిన చెట్టు వేళ్ళతో సహా పెళ్ళగించుకుని పడుతుందండీ. మన చెట్టు మొదలు పీటలాగా చదునుగా ఉంది. దీపావళి ముందు రోజు గేటు తీస్తూనే చూశాను" అంది.

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని."

పదకొండేళ్ళు దాటింది కదా అన్నాను. దానికి ఆవిడ ఏమీ అనలేదు. గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, అక్కడినుంచే, జోడుగుళ్ళపాలెం రాళ్ళ దగ్గర రేపు పాటు ఎన్నింటికి తీస్తుందో చూసి చెప్పమంది. బల్ల సొరుగులో పాత పట్టిక ఉంది. నేను గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి ఆ రోజు తిథి చూశాను.